చావు కబురుతో సరిపెట్టుకోని అమ్మాయి
(వార్షికోత్సవ సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



నచ్చిన పుస్తకం గురించి ఒక అరగంట మాట్లాడమన్నారు. నేనొక డిటెక్టివ్ నవల ఎంచుకున్నాను. నవ్వకండి. మనలో ఎంతమంది బ్యారక్ లైటు కింద కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌తో, మధుబాబు గారి షాడోతో రాత్రుళ్ళు గడపలేదు? సెలవుకి ఊరెళ్తూ విజయవాడ ప్లాట్‌ఫారం మీద కొన్న పాకెట్ బుక్కు, తిరిగొచ్చేసరికి పదిమంది చేతులు మారి అట్ట ఊడిపోయేది. కాబట్టి డిటెక్టివ్ నవల మనకి పరాయిది కాదు. కాకపోతే ఇవాళ చెప్పబోయే నవలలో పిస్తోలు పట్టుకున్న యుగంధర్ ఉండడు. ఓ పంతొమ్మిదేళ్ళ అమ్మాయి ఉంటుంది. నడవలేదు, చక్రాల కుర్చీలో తిరుగుతుంది. పెళ్ళాడవలసినవాడు యుద్ధంలో చనిపోయాడని కబురొచ్చింది. ఆ కబురును ఆ అమ్మాయి నమ్మదు. కథంతా అదే.

ఫ్రెంచి నవల ఇది. పేరును తెలుగులో చెప్పుకోవాలంటే ‘నిశ్చితార్థపు సుదీర్ఘ ఆదివారం’ అనుకోవచ్చు. రాసినాయన సెబాస్టియన్ జాప్రిసో. అది కలం పేరు. అసలు పేరు జాన్ బాటిస్ట్ రోసీ, మార్సెయ్ నగరంలో 1931లో పుట్టాడు. సొంత పేరులోని అక్షరాలనే అటూ ఇటూ మార్చి కలం పేరు తయారు చేసుకున్నాడంటే ఎలాంటి చిక్కుముళ్ళ మనిషో మీరే ఊహించుకోండి. నవల 1991లో వచ్చింది, ఆ ఏడాదే అక్కడ పేరున్న ఇంటరాలియే బహుమతి దక్కింది. 1993లో ఇంగ్లీషులోకి, ‘ఎ వెరీ లాంగ్ ఎంగేజ్‌మెంట్’ అన్న పేరుతో. 2004లో సినిమా కూడా తీశారు. సినిమా బాగుంటుంది, కానీ పుస్తకంలో ఉన్న చలి సినిమాలో లేదు.

కథ మొదలయ్యేది 1917 జనవరిలో, ఫ్రాన్సులో సోమ్ నది దగ్గరి యుద్ధభూమిలో. మంచు. చేతులు వెనక్కి కట్టేసిన అయిదుగురు ఫ్రెంచి సైనికుల్ని ముందు వరస కందకానికి నడిపించుకుపోతున్నారు. పారిస్ వడ్రంగి ఒకడు, వెల్డింగు పనివాడొకడు, రైతు ఒకడు, మార్సెయ్ నుంచి వచ్చిన రౌడీ ఒకడు. అయిదోవాడు ఇంకా ఇరవై నిండని చేపలు పట్టే కుర్రాడు, పేరు మనెక్. అయిదుగురిదీ ఒకటే నేరం. యుద్ధం నుంచి తప్పించుకోవడానికి తమ చేతిని తామే కాల్చుకున్నారని, లేదా కాల్పించుకున్నారని కోర్ట్ మార్షల్ తేల్చింది. మరణశిక్ష వేసింది. అయితే వాళ్ళని గోడకి నిలబెట్టి కాల్చరు. రెండు సైన్యాల కందకాల మధ్యనున్న ఖాళీ నేలలోకి, చేతులు కట్టేసి, తోసేస్తారు. మిగతా పని శత్రువు తుపాకో, మంచో చూసుకుంటుంది.

మనెక్‌కి అప్పటికే మతి సరిగా లేదు. పక్కనున్నవాడు గుండు తగిలి తన ఒంటి మీదే ముక్కలైపోయిన రోజు నుంచి అంతే. వెలిగించిన సిగరెట్టు పట్టుకుని చెయ్యి పైకెత్తాడు, అవతలివాడు గురి చూసి కొట్టాడు. ఇప్పుడు ఆ ఖాళీ నేలలో, ఒంటిచేత్తో, ఆ కుర్రాడు మంచుబొమ్మ చేస్తూ కూచుంటాడు. యుద్ధ నవలలు చాలా చదివాను. ఈ మంచుబొమ్మ దగ్గర మాత్రం పుస్తకం మూసి కాసేపు బయటికి వెళ్ళి నిలబడ్డాను.

ఇళ్ళకి వెళ్ళిన కబురేమిటో తెలుసా? అయిదుగురి ఇళ్ళకూ ఒకటే. శత్రువుతో పోరులో మరణించాడు. అంతే. కోర్ట్ మార్షల్ మాట లేదు, శిక్ష మాట లేదు.

ఇక మన అమ్మాయి మతిల్డ్. 1900 జనవరి ఒకటిన, అంటే లెక్కకి తేలిగ్గా శతాబ్దంతో పాటే పుట్టింది. చిన్నప్పుడు పడిపోయి నడక పోగొట్టుకుంది. సినిమాలో దీన్ని పోలియోగా మార్చారు. సముద్రతీరంలో కాప్‌బ్రెతోన్ అనే ఊళ్ళో ఉంటుంది. కలిగిన కుటుంబం, పూలబొమ్మలు వేస్తుంది. యుద్ధం ముగిశాక 1919లో, ఆస్పత్రిలో చావుకి దగ్గరగా ఉన్న ఎస్పెరాంజా అనే మాజీ సార్జెంటు ఈ అమ్మాయిని పిలిపిస్తాడు. ఆ అయిదుగుర్నీ ముందు వరస దాకా నడిపించిన పార్టీ కమాండర్ ఆయనే. చూసిందంతా చెప్తాడు. ఆ రాత్రి వాళ్ళు ఇంటికి రాయించుకున్న చివరి ఉత్తరాలను, అసలువి చేరతాయో చేరవోనని, ఆయన నకలు తీసి దాచుకున్నాడు. ఆ నకళ్ళు ఆమె చేతిలో పెడతాడు. ఒక ఫోటో, అయిదు ఉత్తరాలు, చచ్చిపోబోయే ఒక సాక్షి వాంగ్మూలం. పరిశోధన అక్కడ మొదలవుతుంది, దాదాపు అయిదేళ్ళు సాగుతుంది.

ఇక్కడ మనవాళ్ళకి ఒక సంగతి తట్టాలి. ఆ అమ్మాయి చేసేది మనం కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ అనేదే. తేడా ఏమిటంటే కన్వీనింగ్ ఆర్డరు లేదు, సాక్షుల్ని పిలిపించే అధికారం లేదు, ఫైలు చూపించమని అడిగే హక్కు కూడా లేదు. ఉన్నది నాన్నగారి డబ్బు కొంత, ఒక లాయరు, ఒక ప్రైవేటు డిటెక్టివ్, అన్నిటికంటే ముఖ్యంగా పోస్టాఫీసు. పేపర్లలో ప్రకటనలు వేయిస్తుంది. ఫలానా తేదీన ఫలానా కందకంలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే రాయమని. ఆ కందకానికి సైనికులు పెట్టుకున్న పేరు బింగో క్రెపుస్క్యూల్. జవాబులొస్తాయి, ఒక చెక్క పెట్టెలో పెట్టుకుంటుంది. ఒకడు అయిదుగురూ పోయారంటాడు. ఇంకొకడు, కాదు, ఒకడు కదులుతుంటే చూశామంటాడు. ఎవరి కాళ్ళకి జర్మన్ బూట్లున్నాయి, ఎవరి చేతికి ఎర్ర ఉన్ని తొడుగు ఉంది అన్న దగ్గర సాక్ష్యాలు కొట్టుకుంటాయి. బూట్లు మారితే మనిషి మారినట్టే కదా!

నాకు ఎక్కువ నచ్చిన పాత్ర సెలెస్తాన్ పూ. ప్రతి యూనిట్‌లోనూ ఒకడుంటాడే, ఎక్కడా దొరకని సామాను ఎక్కణ్ణించో పట్టుకొచ్చేవాడు, క్వార్టర్ మాస్టర్‌కి నిద్రపట్టనివ్వనివాడు. అచ్చం వాడే. ఆ రాత్రి కందకంలో ఏం జరిగిందో అందరికంటే వివరంగా చెప్పేదీ అతనే. ఎందుకంటే తిండి వెతుక్కుంటూ తిరిగేవాడి కళ్ళకి కనపడనిదంటూ ఉండదు.

దుఃఖం మనిషి బుర్రని మొద్దుబారుస్తుందని అంటాం. నిజమే కావచ్చు. కానీ ఈ నవల ఇంకొకటి కూడా చూపిస్తుంది. వృత్తి డిటెక్టివ్‌కి కేసు మూసే రోజంటూ ఉంటుంది, ఫీజు ముట్టాక ఇంకో కేసు. దుఃఖంలో ఉన్న మనిషికి కేసు మూయడం చేతకాదు. అందుకే చిన్న మాట కూడా జారనివ్వదు. ఒకే ఉత్తరాన్ని నలభైసార్లు చదువుతుంది. మనం ఒకసారి చదివి ‘నోటెడ్’ అని రాసి పక్కన పెట్టేదాన్ని.

జాప్రిసో కల్పించాడు సరే, ఇలాంటి శిక్ష నిజంగా ఉండేదా అని అడగొచ్చు. అడగాలి కూడా. తర్వాత ఫ్రాన్సుకి మార్షల్ అయిన పెటాన్ దగ్గర పనిచేసిన సెరిన్యీ అనే అధికారి తన జ్ఞాపకాల్లో ఈ సంగతి రాశాడు. చేతులు కాల్చుకున్న నలభైమందిలో ఇరవై అయిదుగురిని కాల్పించాలని మొదట జనరల్ అనుకున్నాడనీ, తర్వాత మనసు మార్చుకుని, వాళ్ళని కట్టి శత్రువుకి దగ్గరి కందకాల ముందుకి ఓ రాత్రికి విసిరేయమన్నాడనీ. అదీ సంగతి. మామూలు పద్ధతిలో, అంటే కోర్టు తీర్పు మీద, ఆజ్ఞ ధిక్కరించాడనో పారిపోయాడనో ఫ్రెంచి సైన్యం ఆ యుద్ధంలో కాల్చింది ఆరు వందల మందికి పైచిలుకు. బ్రిటిషువాళ్ళు పిరికితనం, పలాయనం వంటి నేరాలకి కాల్చినవాళ్ళు 306 మంది. వాళ్ళందరికీ 2006లో చట్టం ద్వారా క్షమాభిక్ష ఇచ్చారు, తొంభై ఏళ్ళ తర్వాత.

యూనిఫాం వేసుకున్నవాడిగా నా అభిప్రాయం కూడా చెప్పాలి, లేకపోతే నవల చదివి కన్నీళ్ళు పెట్టుకుని వచ్చాడనుకుంటారు. ఒకడు తన చెయ్యి కాల్చుకుంటే, వాడి సెంట్రీ డ్యూటీ ఇంకొకడు చెయ్యాలి. ఆ ఇంకొకడికీ అమ్మ ఉంటుంది. క్రమశిక్షణ లేని కంపెనీలో ముందు చచ్చేది మంచివాడే. నేను కోర్ట్ మార్షల్‌కి వ్యతిరేకిని కాను. నవలలో కూడా అసలు నేరం శిక్షలో లేదు. దేశాధ్యక్షుడు ఆ అయిదుగురికీ మరణశిక్ష తగ్గించాడు. ఆ కాగితం సమయానికి కిందికి వచ్చింది. దాన్ని ఒక అధికారి తన దగ్గరే అట్టేపెట్టుకున్నాడు. అదీ మతిల్డ్ తవ్వి తీసే నిజాల్లో ఒకటి. శిక్ష వేసే అధికారం ఉన్నవాడు క్షమాపణ కాగితాన్ని కూడా అంతే పరుగున చేర్చాలి కదా. అది చెయ్యనివాణ్ణి ఏ పేరు పెట్టి పిలవాలో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఉత్తరాల సంగతి. ఆ అయిదింటిలో రైతు రాసినది చూడ్డానికి అన్నిటికంటే సాదాగా ఉంటుంది. కొన్నాళ్ళు ఉత్తరం రాయలేనని భార్యకి చెప్పి, ఎరువులమ్మేవాడు ఎక్కువ ధర అడుగుతున్నాడు, వాడి లెక్క తేల్చమని రాస్తాడు. చచ్చిపోబోయేవాడికి ఎరువుల లెక్కేమిటి? మతిల్డ్‌ని ఆ ప్రశ్న వదలదు. ఆ ఉత్తరంలో భార్యాభర్తల మధ్య ఒక గుప్తలిపి ఉందని తర్వాత తేలుతుంది. దాన్ని విప్పే పద్ధతి నేను చెప్పను, చదివి కనుక్కోండి.

ఇది చదువుతుంటే మనవాళ్ళు గుర్తొచ్చారు. 1914 శరత్కాలంలో భారత సైన్యం మార్సెయ్‌లో దిగింది, పదాతి దళాలు 1915 చివరిదాకా ఫ్రాన్సులో పోరాడాయి. సిపాయీలు ఇంటికి రాసే ఉత్తరాల్ని చదవడానికి ఒక సెన్సారు ఆఫీసు ఉండేది. ఆ అధికారులు అనువాదం చేసి పెట్టుకున్న భాగాలు లండన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. సెన్సారు చదువుతాడని తెలిసిన సిపాయి ఏం చేశాడు? నల్ల మిరియాలు, ఎర్ర మిర్చి అని రాశాడు. నల్ల మిరియాలంటే మనవాళ్ళు, ఎర్ర మిర్చి అంటే తెల్లవాళ్ళు. నల్లవి బాగా ఖర్చయిపోయాయి, ఎర్రవి ఇంకా దాచారు అన్న అర్థం వచ్చేలా రాస్తే ఊళ్ళో ఉన్నవాడికి అర్థమయ్యేది. సెన్సారుకీ అర్థమైంది, అందుకే మనదాకా వచ్చింది!

చేతి గాయాల అనుమానం కూడా మనవాళ్ళ మీద పడింది. మొదటి నెలల్లో చేతికి దెబ్బతగిలి వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారని, సిపాయీలు తమని తామే కాల్చుకుంటున్నారని గుసగుసలు బయల్దేరాయి. ఇంగ్లండులో బ్రైటన్ పట్టణంలోని భారతీయుల ఆస్పత్రికి కమాండింగ్ అధికారిగా ఉన్న బ్రూస్ సీటన్ అనే వైద్యుడు వెయ్యి గాయాల్ని ఒక్కొక్కటీ పరిశీలించి, ఆ ఆరోపణకి ఆధారం లేదని తేల్చాడు. ఆయన డిటెక్టివ్ కాదు, డాక్టరు. కానీ గుసగుసని పక్కకి పెట్టి గాయాన్ని గాయంగా చూశాడు. ఫ్రాన్సులో నవ్ షాపెల్ దగ్గర సమాధి దొరకని మనవాళ్ళ పేర్లు 4,700కి పైగా చెక్కి ఉన్నాయి. 1927లో కట్టారు. వాళ్ళ ఇళ్ళలో కూడా మతిల్డ్‌లాంటి అమ్మాయిలు ఉండే ఉంటారు. కాకపోతే వాళ్ళకి చదువు లేదు, లాయరు లేడు, పేపరు ప్రకటన అంటే ఏమిటో తెలీదు. మన పశ్చిమగోదావరిలో మిలిటరీ మాధవరం పేరు మీరంతా విన్నదే, ఆ యుద్ధం నాటి నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు. అలాంటి ఊళ్ళ కథలు ఎవరు తవ్వాలి? కూర్చుని రాయగలిగిన పెద్దలు ఈ సభలోనే ఉన్నారు.

నేను సర్వీసు చివరి కొన్నేళ్ళు రికార్డుల పని చూశాను. తెలుగులో వచ్చే ఉత్తరాలు ఎవరి టేబుల్‌కి రావాల్సినవైనా నా టేబుల్ మీదికే వచ్చేవి, చదివి చెప్పాలి కాబట్టి. తొంభైల్లో ఒకటొచ్చింది. ఉత్తరాంధ్ర వైపు ఓ తల్లి, పక్కింటి బడిపిల్లవాడి చేత రాయించింది. కొడుకు పోయి ఏడెనిమిది నెలలైంది. శవపేటిక ఊరొచ్చింది, కానీ ముఖం చూపించే స్థితిలో లేదు. తర్వాత సొంత సామాను వచ్చింది, జాబితాతో సహా. ఆ జాబితాలో ‘చేతి గడియారం ఒకటి’ అని ఉంది. ఆమె అడిగింది ఇది: మా వాడికి గడియారం లేదు. కొనిస్తానంటే చేతికి చెమట పొక్కులొస్తాయి వద్దన్నాడు. మరి ఈ గడియారం ఎవరిది? ఇది మా వాడిది కాకపోతే, ఆ పెట్టెలో వచ్చింది మా వాడేనా?

చూశారా. మనకి అదొక ఐటం నంబరు. ఆమెకి అదే కేసంతా.

జాబితా రాసినవాడిది తప్పు కాదు. చేతికి ఏది ఉందో అదే రాశాడు. యూనిట్‌కి రాశాం. జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రాత్రి పెట్రోలుకి వెళ్తూ, టైము చూసుకోవాలని తోటి జవాను దగ్గర గడియారం అడిగి తీసుకున్నాడట. ఆ తోటి జవాను జ్వరంతో మెడికల్ రూములో ఉండబట్టి పెట్రోలుకి వెళ్ళలేదు. ఆ తర్వాత గడియారం గురించి నోరెత్తడానికి వాడికి మనసొప్పలేదు. ఎలా అడుగుతాడు చెప్పండి? ఆ కబురు తెలుగులో నేనే రాసి పంపాను. రాస్తున్నప్పుడు ఒక్కొక్క మాట ఆలోచించి రాశాను, అది ఇంకో నలభైసార్లు చదవబడుతుందని అప్పటికి తెలిసింది కాబట్టి. ఆ కుర్రాడు తర్వాత సెలవులో ఆ ఊరు వెళ్ళాడని తెలిసింది. ఒడిశా కుర్రాడు, తెలుగు అంతంతమాత్రం. పగలంతా కూర్చున్నాడట. ఆ రోజు సాయంత్రం ఏం తిన్నాడని, పాట పాడాడా అని, ఆఖరికి బూట్లు కరుస్తున్నాయన్నాడా అని కూడా ఆమె అడిగిందట. ఆ గడియారం చివరికి ఎవరి దగ్గర ఉండిపోయిందో నాకు తెలీదు.

మళ్ళీ ఫ్రాన్సుకి వెళ్దాం. మతిల్డ్ కల్పిత పాత్ర. కానీ నిజంగా ఈ పని చేసిన ఒక స్త్రీ ఉంది. ఆమె పేరు బ్లాంష్ మోపా, నార్మండీలో బడిపంతులమ్మ. భర్త తెయోఫిల్ కూడా పంతులే, 336వ పదాతి రెజిమెంటులో కార్పొరల్. 1915 మార్చి 10న, మనవాళ్ళు నవ్ షాపెల్ మీద దాడికి దిగిన రోజునే, షాంపేన్ ప్రాంతంలో సువాన్ అనే ఊరి దగ్గర వాళ్ళ కంపెనీకి కూడా దాడి చేయమని ఆజ్ఞ వచ్చింది. అంతకుముందు జరిగిన దాడుల శవాలు ఇంకా ముళ్ళతీగల మీదే ఉన్నాయి, సైనికులు కందకం దాటలేదు. జనరల్ రెవెయాక్ ఆగ్రహంతో సొంత కందకాల మీదే ఫిరంగులు పేల్చమన్నాడు. ఫిరంగి దళం కల్నల్, లిఖితపూర్వకంగా ఇస్తే తప్ప పేల్చనన్నాడు. ఆ కల్నల్‌కి నా సెల్యూట్. చివరికి కోర్ట్ మార్షల్ పెట్టి, మార్చి 17న నలుగురు కార్పొరల్స్‌ని కాల్చేశారు. అందులో తెయోఫిల్ ఒకడు.

బ్లాంష్ అక్కడితో ఆగలేదు. భర్తతో పాటు పనిచేసిన సైనికులకి ఉత్తరాలు రాసింది, సాక్ష్యాలు కూడబెట్టింది, మానవ హక్కుల సంఘాన్ని కదిలించింది. అర్జీలు తిరగగొట్టారు, మళ్ళీ పెట్టింది. అటువంటి కేసుల్ని తిరిగి విచారించడానికి, జడ్జీలతో పాటు మాజీ సైనికులు కూడా కూర్చునే ప్రత్యేక న్యాయస్థానం ఏర్పడింది. 1934 మార్చిలో అది నలుగురూ నిర్దోషులని తీర్పు చెప్పింది. పందొమ్మిదేళ్ళు! మోపా, జిరార్ అనే ఇద్దరి భార్యలకి నష్టపరిహారంగా ఇప్పించింది లాంఛనంగా ఒక్క ఫ్రాంకు. ఆ ఒక్క ఫ్రాంకు కోసం కాదు కదా ఆమె తిరిగింది. ‘కాల్చివేయబడ్డవాడి పెళ్ళాం’ అన్న మాట ఊళ్ళో ఆగిపోవాలి, బడిలో పిల్లల ముందు తలెత్తుకుని నిలబడాలి. పైగా పరువు తిరిగొస్తేగానీ పెన్షను హక్కు రాదు. ఈ లెక్క ఇక్కడున్న చెల్లెళ్ళకి నాకంటే బాగా తెలుసు.

నవల నచ్చిందన్నాను గాని, లోపాలు లేవనను. పాత్రలు మరీ ఎక్కువ. ఒక్కొక్కరికి అసలు పేరు, మారుపేరు, కందకంలో పెట్టిన ముద్దుపేరు. నేను చిన్న నోటుబుక్కులో పట్టిక రాసుకుని చదవాల్సి వచ్చింది. కొన్ని చోట్ల కలిసొచ్చిన అదృష్టం ఎక్కువైంది. అయినా ఒక జంట పాత్రని మాత్రం రచయిత గొప్పగా నిలబెట్టాడు. ఆ మార్సెయ్ రౌడీ ప్రియురాలు, పేరు తీనా లొంబార్ది. ఆమె కూడా అదే నిజాన్ని వెతుకుతుంది, మతిల్డ్ కంటే ముందు సాక్షుల దగ్గరికి చేరుతుంది. కానీ మతిల్డ్ ‘ఏం జరిగింది’ అని అడిగితే, తీనా ‘ఎవరు చేశారు’ అని అడుగుతుంది. ఆపైన వాళ్ళని ఒక్కొక్కరినీ చంపుకుంటూ పోతుంది. రచయిత ఆమెని రాక్షసిగా చూపించలేదు. అదే దుఃఖం, ఇంకో దారి. చదివేవాడికి ఒక్కోచోట ఆమె పక్షాన ఉండాలనిపిస్తుంది కూడా, నాకనిపించింది.

తమ్ముళ్ళారా, మీరు సర్వీసులో ఉన్నారు. ‘మిస్సింగ్’ అన్న మాట మీ ఫైళ్ళలో ఎంత తేలిగ్గా రాస్తామో మీకు తెలుసు. 1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లేహ్‌కి బయల్దేరిన ఏఎన్-12 విమానంలో 102 మంది ఉన్నారు. రోహ్‌తాంగ్ దగ్గర మాయమైంది. 2003లో పర్వతారోహకులకి శకలాలు కనపడ్డాయి. 2024 సెప్టెంబరులో మరో నలుగురి దేహాలు మంచులోంచి బయటికి తీశారు. 56 ఏళ్ళు. ఇక మనకి దగ్గరిది. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి వెళ్తూ బంగాళాఖాతం మీద ఏఎన్-32 మాయమైంది. 29 మందిలో ఎనిమిది మంది మన విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఓడలు, విమానాలు రోజుల తరబడి వెతికాయి. 2024 జనవరిలో, సముద్రం అడుగున 3,400 మీటర్ల లోతులో, మనిషి లేని జలాంతర యంత్రం తీసిన ఫోటోల్లో శకలాలు కనిపించాయి. ఏడున్నరేళ్ళ పాటు విశాఖలో కొన్ని ఇళ్ళల్లో ఫోను మోగినప్పుడల్లా ఏమనిపించి ఉంటుంది? చట్టం ప్రకారం ఏడేళ్ళు ఆచూకీ లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చు. సైనిక నియమాల్లో ఇంకా ముందే పెన్షను వస్తుంది. మంచిదే. కానీ బొట్టు తీయాలా వద్దా అన్న ప్రశ్నకి ఏ నియమావళిలోనూ జవాబు లేదు.

అందుకే ఈ నవల గురించి ఈ సభలోనే చెప్పాలనిపించింది. సివిల్ వాళ్ళ సభలో అయితే ఇది మంచి సస్పెన్సు కథ, ఇంకా చెప్పాలంటే ప్రేమకథ. మన దగ్గర అలా కాదు. మనలో చాలామంది ఎస్పెరాంజాలం. ఎవరి చివరి గంటనో దగ్గరుండి చూసినవాళ్ళం. ఎక్కడో ఒక ఇంట్లో ఆ గంట గురించి ఒక్క వాక్యం మాత్రమే ఉంది, అదీ టైపు కొట్టిన వాక్యం. ఎస్పెరాంజా రెండేళ్ళు నోరు విప్పలేదు, ఆస్పత్రి మంచం మీద గానీ విప్పలేకపోయాడు. రహస్యంగా ఉంచాల్సినవి ఉంటాయి, స్థలాలూ ఆపరేషన్లూ చెప్పక్కర్లేదు. సాయంత్రం ఏం తిన్నాడో చెప్పడానికి ఏ సీక్రెట్స్ యాక్టూ అడ్డం రాదు.

మనెక్ ఏమయ్యాడు, బతికాడా అని మొదటి వరసలో ఉన్న సుబేదార్ గారు ఇందాకట్నుంచి చూపులతోనే అడుగుతున్నారు. చెప్పను. ఇంగ్లీషు అనువాదం ఒక ప్రతి మన సంఘం లైబ్రరీకి ఇస్తున్నాను. పాత్రల పేర్ల పట్టిక ఒక కాగితం మీద రాసి మొదటి పేజీలో పెట్టాను, తీసుకున్నవాళ్ళు దాన్ని పారెయ్యకండి. పదిహేను రోజుల్లో తిరిగి ఇచ్చెయ్యండి, చివరి పేజీలు ముందుగా చూడొద్దు.

సెలవు.